మేస్త్రి తుపాకి, నేను రాసిన అర్జీ

రంగంలో, అదే రంగూన్‌లో, పజుండౌంగు పేటలో మా బావ మాట వస్తే ఇప్పటికీ జనం ఒక్కటే చెప్పుకుంటారు. తండ్రి అస్థికల మాటున తుపాకి దాటించబోయి జెట్టీ మీద పట్టుబడ్డాడని. కొందరు ఇంకాస్త ముందుకు పోయి, అది దోపిడీగాళ్లకు చేర్చడానికే తీసుకెళ్లాడని కూడా అంటారు. కోర్టు కాగితాల్లోనూ 'దాచి తీసుకుపోతుండగా' అనే ఉంది. నోటి మాట పదేళ్లలో పోతుంది, కాగితం మీది మాట పోదు. అసలు జరిగింది తెలిసినవాళ్లలో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు రాయడం రాకపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. కాబట్టి ఇది నేనే రాసిపెట్టాలి.

ఇంకో కారణం కూడా ఉంది. మనవాళ్లు ప్రతి ఓడకీ వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. తండ్రి పోయి తుపాకి మిగిలిన ఇళ్లు రంగంలో మాది ఒక్కటే కాదు. బర్మా అయినా మద్రాసు ప్రెసిడెన్సీ అయినా ఒకే సర్కారు కింద ఉన్నాయి గదా, ఇక్కడి వస్తువు అక్కడికి తీసుకుపోతే తప్పేముందని నేను అనుకున్నట్టే ఇంకొకరు అనుకోవచ్చు.

మా అక్కని నేను అప్ప అంటాను. అప్ప మామగారు అహ్లోన్ రైసు మిల్లుల్లో కూలీ మేస్త్రి. గంజాం జిల్లా నుంచి జట్లను తెచ్చి పనికి పెట్టేవాడు. కోతలయ్యాక ధాన్యం పడవల వెంట దిగువ నదీపాయల్లోకి వెళ్లి రావలసి ఉండేది. అక్కడ పడవలను కొట్టి దోచుకునేవాళ్లు ఎక్కువ. అందుకని మిల్లు దొర సిఫారసు చేసి ఆయనకు ఒక తుపాకికి లైసెన్సు ఇప్పించాడు. ఒంటి గొట్టం తుపాకి. నేను పదహారేళ్ల వయసులో అప్ప దగ్గరికి వచ్చి ఆ ఇంట్లోనే పెరిగాను. ఆయన్ని నేనూ మామా అనే పిలిచేవాణ్ణి. తుపాకి ఎప్పుడైనా పేల్చావా మామా అని అడిగితే నవ్వేవాడు.

"ఒక్కపాలి పేల్చినాన్రా. దొంగలు పారిపోనేదు. మా పడవకే బొక్క పడింది. నీళ్లు తోడుకోలేక సచ్చినాం."

అయినా దాన్ని వారానికోసారి నూనె గుడ్డతో తుడిచేవాడు. ఏడాదికోసారి లైసెన్సు మార్పించుకోవడానికి వెళ్లేటప్పుడు నల్ల కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని, కాగితం ఉన్న రేకు డబ్బా తన చేత్తోనే పట్టుకునేవాడు. ఆ కాగితం మీద ఉన్నది ఆయన పేరు. ఆయన కొడుకు పేరు గాని, ఇంటి పేరు గాని లేదు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఆయన కొడుకే మా బావ. మిల్లులో తవుడు కొట్టం దగ్గర పని చేసేవాడు. ఆ దుమ్ముకి ఛాతీ పట్టేసి, రెండేళ్లుగా పొడి దగ్గు. మిల్లు డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు, ఈ దుమ్ములో ఇంకో రెండు సీజన్లు ఉంటే మనిషి మిగలడని. అప్పటికే మామ గంజాం కొండల దిగువన కొంత భూమి కొని ఉంచాడు. అక్కడికి పోయి వ్యవసాయం చేసుకుంటే బావ బతుకుతాడని అందరికీ తెలుసు. చిక్కల్లా అడవిపందులతోనే. కౌలుకి చేస్తున్న రైతు రాయించిన ప్రతి ఉత్తరంలోనూ అదే గోడు. పంట గింజ పట్టేసరికి కొండ మీంచి మందలు దిగి ఒక్క రాత్రిలో పొలమంతా తవ్విపోస్తున్నాయి, డప్పులకు బెదరడం లేదు, చుట్టుపక్కల ఎవరి దగ్గరా తుపాకి లేదు. అందుచేత బావ వెళ్లడమంటే తుపాకి వెళ్లడం. అది లేకుండా ఆ భూమి తిండి పెట్టదు, ఆ భూమి లేకుండా బావ తవుడు కొట్టం వదలలేడు.

ఇక నా సంగతి. నేను దేశంలో చదివింది మూడో క్లాసు. రంగం వచ్చాక మిల్లులో కాటా దగ్గర గుమస్తాగా కుదిరాను. బస్తా తూచి, చీటీ రాసి, ముద్ర కొట్టి ఇవ్వడం పని. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. ఊళ్లో పెద్ద లైబ్రరీ ఒకటి ఉండేది. ప్రతి ఆదివారం అక్కడ కూర్చుని, నిఘంటువు ఒక పక్కా పుస్తకం ఒక పక్కా పెట్టుకుని నేర్చుకున్నాను. నక్షత్రాల గురించి చదివాను, ఆవిరి యంత్రాల గురించి చదివాను, చట్టాలు చదివాను. కాలేజీ చదివినవాళ్లు కూడా తెరవని సంపుటాల్లో అంటుకుని ఉన్న పుటల అంచులు కోసి విడదీసింది నేనే. ఇది గొప్పకు చెప్పడం లేదనాలని ఉంది గాని, గొప్పకే చెబుతున్నాను. ఆ గర్వం లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. మా వీధిలో ఉత్తరాలు చదివించుకోవాలన్నా, నోటీసు ఏమిటో తెలుసుకోవాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. బావ మాత్రం ఆటపట్టించేవాడు.

"మా బామ్మర్ది బుర్రలో పుస్తకాల అలమర ఉంది. తాళమే పోనాది."

వానలు తగ్గుతున్న రోజుల్లో మామ నాలుగు రోజుల జ్వరంతో పోయాడు.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. పోయినవాడు ఏ పనిముట్టుతో కూడు సంపాదించాడో దాన్ని పెద్దదినం దాకా దీపం పక్కన పెడతారు. దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. ఆ పదకొండు రోజులూ పోయినవాడి వస్తువేదీ గడప దాటదు. మామకి ఏం పెట్టాలో అని అందరూ తటపటాయిస్తుంటే ఆయన అప్ప, మేమంతా ముసలత్త అనే మనిషి, తేల్చేసింది.

"పడవోడికి తెడ్డు, వలోడికి వల. మా తమ్ముడికి తుపాకే."

తుపాకి గొట్టానికి పసుపు రాసి దీపం పక్కన గోడకు ఆనించారు.

నాకు అనుమానం వచ్చింది. మైలలో ఉన్నా సరే మూడో రోజున లైబ్రరీకి వెళ్లి ఆయుధాల చట్టం తీయించాను. తెలిసింది ఇది. లైసెన్సు మనిషికి ఇస్తారు, వస్తువుకి కాదు. మనిషి పోతే లైసెన్సు కూడా అయిపోతుంది. ఆ తర్వాత తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి కొడుకుకైనా హక్కు లేదు. ఆలస్యం చెయ్యకుండా ఠాణాలో గాని, లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో గాని అప్పగించాలి. వారసుడు తన పేరున లైసెన్సు తెచ్చుకున్నాకే మళ్లీ తీసుకోవాలి. ఇంటికొచ్చి ఇదంతా చెప్పాను. ముసలత్త లేచి కూచుంది.

"ఏటీ? సచ్చినోడి సామాను పెద్దదినం కాకుండా గడప దాటిస్తావేటి? ఆ పుస్తకం రాసినోడి ఇంట్లో ఎవులూ సావనేదేటి?"

"అత్తా, ఇది సర్కారు చట్టం."

"సర్కారుకి మైలుండదేటి? పోయి అడుగు. ఉండదంటే అప్పుడు మాటాడు."

బావ దగ్గు ఆపుకుంటూ నవ్వాడు. "ఒరే, పద్దినాలు ఓపిక పట్టమని రాయరాదా నీ దొరకి? నీకు ఇంగిలీసొచ్చు గదా."

అప్ప నా మొహం కేసి చూసింది. "దారేదైనా ఉంటే సూడు తమ్ముడూ. ఆచారం తప్పితే రేపు ఏదొచ్చినా దీని మీదే పెడతారు."

అప్పుడు నేను గట్టిగా కాదని ఉండవలసింది. తుపాకి నేనే తీసుకెళ్లి ఠాణాలో పెట్టి వచ్చినా, ముసలత్త నాలుగు రోజులు తిట్టి ఊరుకునేది. కానీ ఇంట్లో అందరూ నా వైపు తిరిగి దారి అడగడం నాకు బాగుంది. నేను చూస్తానన్నాను.

మూడు రోజులు కూర్చుని అర్జీ రాశాను. నాకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ అందులో పెట్టాను. మేస్త్రి పోయిన సంగతి, తుపాకి ఇంట్లోనే ఉన్న సంగతి రాశాను. చట్టం ప్రకారం వెంటనే అప్పగించాలని తెలిసినప్పటికీ కులాచారం వల్ల అలా చెయ్యలేదని రాశాను. లైసెన్సు కొడుకు పేరుకి మార్చి, తండ్రి అస్థికలతో పాటు తుపాకిని ఓడ మీద గంజాం జిల్లాకు తీసుకెళ్లడానికి సెలవు ఇప్పించమని కోరాను. చట్టం నాకు తెలుసునని పై అధికారికి తెలియాలని, అప్పగించాలన్న వాక్యం కింద గీత కూడా గీశాను.

లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే అరవ పెద్దాయనకి అది చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు.

"తంబీ, నువ్వు చూసింది చట్టం. రూల్సు వేరే పుస్తకం. ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సు ఏ రాష్ట్రంలో చెల్లుతుంది, సముద్రం మీద పోతే ఏ ఫారం పెట్టాలి, అన్నీ దాంట్లో ఉంటాయి. అది బైండింగుకి పోయింది. వచ్చేదాకా ఆగు."

"ఎప్పుడొస్తుందండీ?"

"నెల పట్టొచ్చు. ఆ నెల ఆగు. ఇది ఇప్పుడు ఇవ్వకు."

తల ఊపాను. బయటికి వస్తూ నాలో నేను వాదించుకున్నాను. చట్టం మహావృక్షం, రూల్సు దాని ఆకులు, వృక్షాన్నే చదివినవాడికి ఆకులతో ఏం పని అని. బర్మా, మద్రాసు ఒకే ప్రభుత్వం కిందవి, చట్టం రెంటికీ ఒకటే, కాబట్టి ఒకే ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి వస్తువు మార్చడం లాంటిదే అని. ఈ పోలికలు ఎవరి పుస్తకంలోవీ కావు, నావే. బాగున్నాయని మురిసిపోయాను కూడా.

అర్జీ కింద బావ వేలిముద్ర వేశాడు. అందులో ఏముందో చదివి చెప్పమన్నాడు. సారాంశం చెప్పాను. గీత గీసిన వాక్యం చెప్పలేదు. అది అంత ముఖ్యమని నాకే తెలియదు.

కచేరీలో బల్ల వెనక ఉన్న బర్మా గుమస్తా అర్జీ తీసుకున్నాడు. నేను తెచ్చిన రెండో ప్రతి మీద గుండ్రటి ముద్ర కొట్టి, నంబరు వేసి తిరిగి ఇచ్చాడు. జవాబు వస్తుందని హిందుస్తానీలో చెప్పాడు. అంతే. కానీ నేను ఏళ్ల తరబడి కాటా దగ్గర పని చేసినవాణ్ణి. మా మిల్లులో ముద్ర లేని చీటీతో తవుడు గోనె కూడా గేటు దాటదు. ముద్ర ఉన్న చీటీ పట్టుకున్నవాణ్ణి కాపలావాడు తలెత్తి చూడడు. గుండ్రటి ముద్ర పడ్డ కాగితం చేతిలో పడగానే సరుకు కదలవచ్చు అన్నది నా ఒంట్లో ఇంకిపోయిన సంగతి. లైబ్రరీలో చదివింది అంతా ఆ క్షణంలో వెనక్కి పోయి, గేటు దగ్గరి అలవాటే ముందుకొచ్చింది. ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను.

"ముద్ర పడింది బావా. ఇంక నిన్ను ఎవరూ ఆపరు."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరిగ్గా సూసినావా? నానెల్లేది ఓడలోకిరా, నీ లైబ్రరీలోకి కాదు."

"చూశాను బావా. ముద్ర ఉంది కదా."

"మరైతే టిక్కెట్టు కోయిస్తాను."

పెద్దదినం అయిపోయాక కళింగపట్నం దిగే ఓడ దొరికింది. ముందు బావ వెళ్లి అస్థికలు కలిపి, పొలం చూసుకుని, కౌలు రైతుతో మాట్లాడాలి. సీజను చివర అప్ప, పిల్లలు వెళ్లాలి. బయల్దేరే పొద్దున ముసలత్త అస్థికల కుండను ఎర్రగుడ్డలో కట్టి, మామ పడుకునే చాప పరిచి, అందులో కుండనీ తుపాకినీ పక్కపక్కన పెట్టి చుట్టి తాడుతో బిగించింది. తుపాకి విడిగా పట్టుకెళ్లడం మంచిదేమోనని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట అన్నాను కూడా.

"కలిసే ఈ ఊల్లో బతికినారు, కలిసే ఎల్లాల," అంది ముసలత్త. తర్వాత బావతో అంది: "నాయినా, నేల మీద పెట్టకు. ఇంకో సెయ్యి తగలనీకు. మీ అయ్యరా అది."

జెట్టీ మీద సామాను తనిఖీ జరుగుతోంది. బర్మా సరిహద్దులనుంచి నల్లమందు, తుపాకులు పోతున్నాయని ఆ రోజుల్లో తనిఖీ గట్టిగా ఉండేది. నేను తాడు కట్టిన హద్దుకి ఇవతల నిలబడ్డాను. బావ వరసలో ముందుకు జరుగుతున్నాడు. చాప చుట్టను చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు. ముద్ర కాగితం చొక్కా జేబులో ఉంది. కానిస్టేబులు పెట్టె చూశాడు, మూట చూశాడు, చాప మీద చెయ్యి వేశాడు.

"ముట్టకండి!" బావ అరిచాడు. "ముట్టకండి బాబూ, మా అయ్యది!"

వెనక్కి లాక్కున్నాడు. కానిస్టేబులు వదల్లేదు. ఆ లాగులాటలో తాడు జారి చాప అంచు విడింది. పసుపు రాసిన గొట్టం మూరెడు బయటికొచ్చింది. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా దూరం జరిగారు.

తెల్ల టోపీ అధికారి ఒకడు వచ్చాడు. బావ ఒక చేత్తో చుట్టను పొదివి పట్టుకుని, ఇంకో చేత్తో కాగితం తీసి చూపించాడు. నా వైపు తిరిగి కేక వేశాడు. "ఒరే, సెప్పరా! ముద్రుందని సెప్పు!"

అధికారి నిలబడే సగం చదివాడు. ఇది రసీదు మాత్రమే అని ఇంగ్లీషులో పక్కవాడితో అన్నాడు. ఆ జెట్టీ మీద మా జట్టువాళ్లు వందమంది ఉండి ఉంటారు. వాళ్లందరిలో ఆ మాట అర్థమైంది నాకే. తర్వాత ఇది రాసిందెవరని ఒక తెలుగు జమాదారు చేత బావని అడిగించాడు.

బావ నా కేసి చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత జమాదారు వైపు తిరిగాడు.

"బజార్లో అర్జీలు రాసేవోడు బాబూ. పేరు తెలీదు."

నేను తాడుకి ఇవతలే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు.

కేసులో మూడు నేరాలు మోపారు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం, అనుమతి లేకుండా సముద్రం మీద ఇంకో రాష్ట్రానికి తీసుకుపోబోవడం, తనిఖీవాళ్లకు కనపడకుండా దాచడం. మూడోదే పెద్దది. చాపలో చుట్టడం, అరవడం, వెనక్కి లాక్కోవడం, అన్నీ దాచడానికే అన్నారు. పసుపు, బొట్టు సంగతి వకీలు చెప్పాడు గాని అది నిలవలేదు. మొదటి నేరానికి సాక్ష్యం వెతకవలసిన పనే లేకపోయింది. నా అర్జీయే చాలు. వెంటనే అప్పగించాలని తెలిసినప్పటికీ అన్న మాట, దాని కింద నేను గీసిన గీత, దాని అడుగున బావ వేలిముద్ర.

మనవాళ్లు కుదిర్చిన వకీలు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఈ అర్జీ రాసినవాడు బోనెక్కి, ఇతనికి చదువు రాదు, ఇందులో ఏముందో ఇతనికి తెలియదు, తప్పు నాదీ అంటే దాచాడన్న నేరం వీగిపోవచ్చు. మీకు తెలిసినవాడైతే తీసుకురండి." నా చేతులకున్న సిరా మరకలు చూస్తూనే అన్నాడు. తెస్తానన్నాను.

ఆ సాయంత్రం అప్పతో చెప్పాను. అప్ప బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"నువ్వూ లోపలికెల్లిపోతే మాకెవుల్రా?"

మర్నాడు వకీలు జైల్లో బావని కలిసి వచ్చాడు. బావ పంపిన మాట ఇది: "ఆడ్ని రానీకండి. ఆడొస్తే నాను మాటాడను."

వీళ్లిద్దరి మాట మీద నేను ఆగిపోయానని చాలా రోజులు చెప్పుకున్నాను. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వాళ్లు వద్దన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. విచారణ రోజున కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఈ అర్జీ రాసినవాడు చట్టం బాగా తెలిసినవాడు, తెలిసే ధిక్కరించాడు అని మేజిస్ట్రేటు అన్నప్పుడు, ఆ భయంలో కూడా 'చట్టం బాగా తెలిసినవాడు' అన్న మాట నాకు వినసొంపుగా ఉంది. మనిషి ఇంత నీచంగా ఉండగలడని నాకు అంతకు ముందు తెలియదు.

ఏడాది కఠిన శిక్ష వేశారు. తుపాకి సర్కారు పరమైంది.

శిక్ష పడిన పక్షం రోజులకి లైబ్రరీలో రూల్సు పుస్తకం బైండింగునుంచి వచ్చింది. పెద్దాయన దాన్ని నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. నేను అడగనేలేదు. చదివాను. కష్టమైంది ఏదీ లేదు. తుపాకి ఠాణాలో పెట్టి రసీదు తీసుకోవాలి. వారసుడు ఫలానా ఫారంలో లైసెన్సుకి దరఖాస్తు పెట్టాలి. బర్మాలో ఇచ్చిన లైసెన్సు మద్రాసు ప్రెసిడెన్సీలో దానంతట అది చెల్లదు కాబట్టి, వస్తువు దిగబోయే జిల్లా అధికారికి ముందే తెలియజేసి, దాటించడానికి విడిగా అనుమతి తీసుకోవాలి. ఓడ మీద దాన్ని విడి భాగాలుగా విప్పదీసి, ఓడవాళ్లకు ముందే చెప్పి, వాళ్లకు అప్పగించి పంపాలి. రెండు మూడు నెలలు పట్టేది. అడవిపందుల బాధ ఉన్న రైతుకి కాదనడం తక్కువేనని తర్వాత తెలిసింది.

ఆ నెలాఖరున అర్జీకి జవాబు కూడా ఇంటికొచ్చింది. బావ పేరున, మర్యాదగా. తుపాకిని ముందు అప్పగించి, తగిన ఫారంలో మళ్లీ దరఖాస్తు చేసుకుంటే కోరిక పరిశీలిస్తామని. జైల్లో ఉన్న మనిషి సంగతి ఆ జవాబు రాసినవాడికి తెలిసి ఉండదు. అప్ప అందులో ఏముందని అడిగింది.

"ఇస్తారట అప్పా. దరఖాస్తు పెట్టుకుంటే."

"ఎవులికి?" అంది అప్ప.

అన్నిటికన్నా అప్పని తినేసింది కుండ. చాపలో కలిపి చుట్టినందువల్ల అస్థికల కుండ కూడా సాక్ష్యం కింద జమ అయింది. దాని మెడకు చీటీ కట్టి, నంబరు వేసి, కోర్టు సామాను గదిలో పెట్టారు. తిరిగి ఇప్పించమని నాలుగుసార్లు వెళ్లాను. ఈసారి అర్జీ నేను రాయలేదు, వకీలు చేత రాయించాను. ఐదోసారి ఆ గది చూసే బర్మా ముసలి గుమస్తా లోపలికి వెళ్లి, చెప్పులు విడిచి, కుండను రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. చీటీ తనే విప్పాడు. ఆలస్యమైందని, తన తండ్రిదైతే ఎలా ఉండేదో అని, సగం హిందుస్తానీలో సగం సైగలతో చెప్పాడు. జైలునుంచి బావ వచ్చేదాకా దాన్ని పెరట్లో బాదం చెట్టుకి వేలాడదీశాం.

బావని ఏడాది నిండక ముందే వదిలేశారు, దయతో కాదు. జైల్లో కొబ్బరి పీచు దంచే పని ఇచ్చారు. తవుడు దుమ్ముని వదిలించుకోవాలనుకున్న మనిషికి పీచు దుమ్ము పెట్టారు. ఇంటికి తెచ్చేసరికి మెట్లెక్కలేకపోయాడు. కొండ దిగువనుంచి ఉత్తరం వచ్చి ఉంది. కౌలు రైతు ఆ ఏడు కూడా పందులపాలు చేసుకుని భూమి వదిలేసి పోయాడు. ఆ ఉత్తరం నేనే చదివి వినిపించాను. 

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"ఒరే, ఆ రెండో పుస్తకం వచ్చిందన్నావు గదా. దాన్లో ఏటుందిరా?"

"ఇప్పుడెందుకు బావా?"

"వొట్టినే. సదువు. మొత్తం సదువు. ఈసారి సారం సెప్పకు."

లైబ్రరీ పుస్తకం బయటికి ఇవ్వరు. ఆదివారాలు వెళ్లి ఎత్తి రాసుకుని, ఇంటికొచ్చి ఒక్కొక్క రూలూ తెలుగులో చెప్పాను. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు. అర్థం కానిచోట ఆపి అడిగేవాడు. "మరి ఆ జిల్లా దొరకి ఎవులు రాయాల, మనమా ఈళ్లా?" "ఓడోడికి అప్పగిత్తే రసీదిత్తాడేటి?" రేపే బయల్దేరేవాడిలా అడిగేవాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. అయిపోయాక, "అంతేనా? అదేటంత కట్టం కాదే," అన్నాడు.

నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ వానల్లోనే పోయాడు.

అప్ప ఇంక రంగంలో ఉండనంది. పిల్లల్నీ ముసలత్తనీ తీసుకుని కళింగపట్నం ఓడ ఎక్కింది. చేతిలో రెండు కుండలు. తనిఖీ దగ్గర ఎవరూ అడక్కముందే రెండు గుడ్డలూ తనే విప్పి చూపించింది. కానిస్టేబులు తల తిప్పుకున్నాడు. నేను ఓడదాకా సామాను మోసుకెళ్లాను. నేనూ వస్తాను అప్పా అన్నాను.

"వద్దు," అంది. కోపంగా అనలేదు. "నువ్వు ఇక్కడే ఉండు తమ్ముడూ."

తర్వాత ఆ భూమిని ఏం చేసిందో నాకు తెలియదు. నా ఉత్తరాలకు జవాబు రాదు. రాయించుకోవడానికి ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి కదా, అందుకే రాయించడం లేదేమోనని సరిపెట్టుకుంటాను.

సాయం చేసినవాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలి. పేర్లు మాత్రం రాయను, కొందరు ఇంకా కొలువుల్లో ఉన్నారు. ఆగమని చెప్పి, ఆగనందుకు ఒక్క మాట కూడా అనని లైబ్రరీ పెద్దాయనకి. చెప్పులు విడిచి కుండ తెచ్చిన బర్మా గుమస్తాకి. అప్ప తెచ్చిన గంజిని నిబంధన కాకపోయినా బావకి అందనిచ్చిన జైలు వార్డరుకి. నా చేతి సిరా చూసి కూడా నిలదీయని వకీలుగారికి. ఆచారం తప్పనివ్వని ముసలత్తకి కూడా, తప్పు ఆమెది కాదు గనక. ఇంతమంది సాయం చేసినా మనిషి దక్కలేదు.

ఆఖర్న బావకి. బతికుండగా ఆ మాట అడుగుదామని ఆ నాలుగు ఆదివారాలూ ఆయన పక్కన కూర్చున్నాను. రూల్సు చదివాను గాని, క్షమించమని అడగలేకపోయాను.